తొలి కాన్పునకు, మలి కాన్పునకు నడుమ

హైదరాబాదు నగరమునకు వాయవ్యమున, ముంబయి రహదారికి ఇరుప్రక్కల వ్యాపించియున్న కూకట్‌పల్లి ఒకప్పుడు చెరువులును పొలములును గల పల్లె. 1980ల దశకములో అచ్చట హౌసింగు బోర్డు పెద్ద కాలనీని నిర్మించినది. తరువాత మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కంప్యూటరు సంస్థలు వెలసినవి. నేడు కూకట్‌పల్లి అద్దె ఇండ్లలో కాపురముండు యువదంపతులలో చాలమంది ఇతర జిల్లాలనుండి వచ్చినవారే. రాత్రి అయినంతనే అచ్చటినుండి గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కడప ప్రాంతములకు వరుసగా బస్సులు బయలుదేరును. సంక్రాంతి దినములలో ఈ బస్సుల రద్దీ పత్రికల కెక్కుచుండును. కాని ఏడాది పొడుగునను సాగు మరియొక ప్రయాణమును ఎవరును అంతగా గమనింపరు. సీమంతమైన పిమ్మట పుట్టింటికి పోవు గర్భిణి, మూడవ నెలలోనో అయిదవ నెలలోనో చంటిబిడ్డ నెత్తుకొని అదే బస్సులో తిరిగి వచ్చును.

తొలి కాన్పు పుట్టింట జరుగుట తెలుగునాట పాత ఆచారము. ఆ ఆచారములో ఆరోగ్యశాస్త్రమునకు సరిపడు సుగుణము లెన్నో కలవు. బాలింతకు విశ్రాంతి దొరకును, బిడ్డను పెంచుటలో పెద్దల తోడ్పాటు లభించును, భార్యాభర్తలు కొంతకాలము వేరుగా నుందురు. తల్లి తిరిగి కూకట్‌పల్లికి వచ్చిన దినముననే ఈ రక్షణలన్నియు ఒకేసారి తొలగిపోవును. వెంట వచ్చిన అమ్మ పదిరోజు లుండి ఊరికి వెళ్ళిపోవును. మూడవ అంతస్తులోని రెండు గదుల ఇంటిలో ఇరువది రెండేండ్ల తల్లి, భర్త, బిడ్డ మిగులుదురు. బిడ్డ పాలనుగూర్చి, టీకాలనుగూర్చి, నిద్రనుగూర్చి అందరును ప్రశ్నింతురు. రెండవ బిడ్డ ఎప్పుడు కావలయునని ఆ తల్లిని అడుగువారు మాత్రము ఉండరు. ఒకవేళ ఆ మాట వచ్చినను, "ఇంకా నెలసరి రాలేదు కదమ్మా, అప్పుడే భయమెందుకు?" అన్న సమాధానముతో ముగియును.

ఈ సమాధానము ఎంతవరకు నిజమో తెలిసికొనవలెనన్న, ప్రసవానంతరము స్త్రీ శరీరములో జరుగు మార్పులను కొంత పరిశీలింపవలెను.

స్త్రీ అండాశయమునుండి సామాన్యముగ నెల కొక అండము విడుదలయగును. ఆ అండము ఫలదీకరణము చెందనిచో, సుమారు రెండు వారముల పిమ్మట గర్భాశయపు లోపలి పొర రాలి నెలసరి యగును. అనగా ముందు వచ్చునది అండము, తరువాత వచ్చునది నెలసరి. రైలు స్టేషను దాటిపోయిన పిమ్మట గంట మ్రోగినట్లే. ప్రసవమైన తరువాత మొదటి అండము విడుదలైన వెంటనే గర్భము నిలిచినచో, నడుమ నెలసరి యన్నదే కనుపించదు. "నెల తప్పుట" అను గుర్తు అట్టి తల్లికి పనికిరాదు, ఏలయన తప్పుటకు ముందుగా నెల రానేలేదు. ఆమెకు నాలుగవ నెలలోనో అయిదవ నెలలోనో కడుపు పెరిగినప్పుడుగాని విషయము తెలియకపోవచ్చును.

మరి మొదటి అండము ఎన్నాళ్ళకు విడుదలయగును? అది తల్లి పాలిచ్చు తీరుపై ఆధారపడియుండును. బిడ్డకు చనుబాలు పట్టని తల్లులలో కొందరికి ప్రసవమైన నాలుగు వారములలోపుననే అండము విడుదలయగుట గమనింపబడినది. అందువలననే అట్టివారు 21వ దినమునుండి జాగ్రత్తపడవలెనని వైద్యులు చెప్పుదురు. ఇరువది యొకటవ దినమనగా మన ఇండ్లలో బారసాల జరుగు దినమే.

పాలిచ్చు తల్లి విషయము వేరు. బిడ్డ చనుమొనను చీకినప్పుడు అచ్చటి నాడులు ఆ సంకేతమును మెదడులోని హైపోథాలమస్ అను భాగమునకు చేరవేయును. దాని ఫలితముగ రెండు పనులు జరుగును. పీయూషగ్రంథి ప్రొలాక్టిన్ అను హార్మోనును విడుదల చేసి పాలను ఊరించును. అదే సమయమున, అండమును పక్వము చేయుటకు హైపోథాలమస్ నుండి అలలవలె వెలువడవలసిన ప్రేరణలు సన్నగిల్లును. ప్రేరణ లేనిదే అండము విడుదల కాదు. ఒక బిడ్డ పాలు త్రాగుచున్నంతకాలము మరియొక బిడ్డ రాకుండ ప్రకృతి చేసిన ఏర్పాటని దీనిని చెప్పవచ్చును. అయితే ఈ ఏర్పాటు బిడ్డ ఎన్నిసార్లు చీకినదను దానిపై ఆధారపడినదేగాని, తల్లి "పాలిస్తున్నాను" అనుకొనుటపై ఆధారపడినది కాదు.

1988లో ఇటలీలోని బెల్లాజియో పట్టణమున సమావేశమైన శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరిశీలించి మూడు నియమములను నిర్ణయించిరి. ప్రసవానంతరము నెలసరి రాకుండుట, బిడ్డకు పూర్తిగా గాని ఇంచుమించు పూర్తిగా గాని తల్లిపాలే పట్టుట, బిడ్డ వయస్సు ఆరు నెలలు దాటకుండుట. ఈ మూడును కలసియున్నచో నూటికి తొంబది ఎనిమిది పాళ్ళు గర్భము రాదు. మూడింటిలో ఏ ఒకటి తప్పినను ఈ రక్షణను నమ్మరాదు. ఆరు నెలల హద్దు ఊరక పెట్టినది కాదు. పాలిచ్చు తల్లులలో మొదటి ఆరు నెలలలో నెలసరి వచ్చినను దానికి ముందు తరచుగా అండము విడుదల కాదు. అది యొక హెచ్చరికగా పనిచేయును. ఆరు నెలలు దాటిన పిమ్మట హెచ్చరిక లేకయే అండము విడుదలయగుట ఎక్కువ. అన్నప్రాశన సరిగా ఆరవ నెలలోనే జరుగుట గుర్తుంచుకొనుటకు అనుకూలమైన సంగతి. బిడ్డ నోటిలో పాయసపు మెతుకు పడిన దినమున తల్లికి పాలవలని రక్షణ ముగిసినదని ఎంచవలెను.

ఆచరణలో ఈ రక్షణ అంతకంటె ముందే సడలుచున్నది. పురిటింట తేనె నాకించుట, వాము నీరు పోయుట, పాలు చాలలేదని డబ్బాపాలు కలుపుట సర్వసాధారణము. ప్రక్కలోని బిడ్డ రాత్రి ఆరు గంటలకు మించి పాలు త్రాగక నిద్రించినచో ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని ఆ విరామములో హైపోథాలమస్ మేలుకొనును. ఉద్యోగము చేయు తల్లుల సంగతి మరియు చిక్కైనది. 2017లో సవరించిన చట్టము ప్రకారము ప్రసూతి సెలవు 26 వారములు. ఇందులో ఎనిమిది వారములవరకు ప్రసవమునకు ముందే వాడుకొనవచ్చును. అట్లు వాడుకొన్న తల్లికి బిడ్డ పుట్టిన పిమ్మట మిగులునవి 18 వారములే, అనగా నాలుగు నెలలపై కొన్ని దినములు. తరువాత ఆమె ఉదయము బయలుదేరి, రద్దీలో ప్రయాణించి, సాయంత్రము ఇల్లు చేరువరకు బిడ్డ సీసాపాలతో నుండును. పాలు పిండి దాచియుంచు తల్లులు మెచ్చదగినవారే, బిడ్డకు అది మేలే. కాని చీకుటవలన కలుగు నాడీప్రేరణకు అది పూర్తిగా సరిపోదు.

ఎడము ఎందుకు కావలయునో ఇపుడు చూతము. ఒక బిడ్డ పుట్టిన తరువాత మరల గర్భము ధరించుటకు కనీసము 24 నెలలు ఆగవలెనని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశపరచిన నిపుణులు సూచించిరి. దీనికి తొమ్మిది నెలలు చేర్చినచో ఇద్దరు బిడ్డల నడుమ ఇంచుమించు మూడేండ్ల ఎడము ఏర్పడును. గర్భము, ప్రసవము తల్లి శరీరములోని ఇనుమును, ఇతర పోషకములను తీసివేయును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణ స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనులు. అట్టి శరీరము ఖర్చైనదానిని తిరిగి కూడబెట్టుకొనుటకు కాలము కావలెను. త్వరితముగ వచ్చిన రెండవ గర్భములో బిడ్డ నెలలు నిండకుండ పుట్టుట, తక్కువ బరువుతో పుట్టుట ఎక్కువ. ఒడిలోని మొదటి బిడ్డ చనుబాలకు దూరమగును.

తెలంగాణమునకు ప్రత్యేకమైన కారణము మరియొకటి కలదు. పై సర్వే ప్రకారము ఈ రాష్ట్రములో నూటికి అరువదికి పైగా కాన్పులు సిజేరియన్ శస్త్రచికిత్సచే జరిగినవి; దేశములోని రాష్ట్రములలో ఇదే అత్యధికము. ఇన్ని శస్త్రచికిత్సలు అవసరమా యనునది వేరొక ప్రశ్న, అవసరము కాదనియే చాలమంది నిపుణుల అభిప్రాయము. ఏమైనను, కోసి కుట్టిన గర్భాశయపు గోడ గట్టిపడుటకు కాలము పట్టును. మచ్చ పూర్తిగా మానకముందే గర్భము వచ్చి, నొప్పులు మొదలైనచో ఆ కుట్టు తెగు ప్రమాదము హెచ్చు. పైకి చర్మము మీది గాయము పదిదినములలో మానినట్లు కనుపించుటవలన లోపలి గాయము సంగతి మరపున పడుచున్నది.

ఇన్ని తెలిసినను ఎడము కొరకైన పద్ధతులు తెలుగునాట ఏల వ్యాపింపలేదు? దీనికి కొంత చరిత్ర కలదు. భారతదేశము 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమముగ చేపట్టినది. ప్రపంచములో ఏ దేశమును అంతకుముందు అట్లు చేసియుండలేదు. కాన్పుకు ఆసుపత్రికి వచ్చిన తల్లికి అచ్చటనే సలహా లభింపవలెనను ఉద్దేశముతో 1969లో ప్రసవానంతర కార్యక్రమము ఆరంభమైనది. కాని కాలక్రమమున ప్రభుత్వ యంత్రాంగము, ప్రజలు కూడ "కుటుంబ నియంత్రణ" అనగా "ఆపరేషన్" అనియే అర్థము చేసికొనిరి. 1996 వరకు ఆరోగ్య సిబ్బందికి సంఖ్యల లక్ష్యములు విధింపబడుచుండెను. లెక్కకు సులభముగ దొరుకునది శస్త్రచికిత్సయే.

ఫలితమును అంకెలు చెప్పుచున్నవి. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది, తెలంగాణలో సుమారు 62 మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారు. తెలంగాణలో మాత్రలు, కాపర్ టి, నిరోధ్, ఇంజెక్షను, అన్నియు కలిపి వాడువారు నూటికి అయిదుగురికి మించరు. ఒక స్త్రీకి కలుగు సగటు సంతానము ఆంధ్రలో 1.7కు, తెలంగాణలో 1.8కు దిగినది. పైనుండి చూచువారికి ఇది గొప్ప విజయమే. లోనుండి చూచినచో, పంతొమ్మిది ఇరువది ఏండ్లకు పెండ్లి, ఏడాదికి ఒక బిడ్డ, ఆపై ఏడాదిన్నర రెండేండ్లకు మరియొక బిడ్డ, వెంటనే ఆపరేషన్. చాలమందికి ఇరువది అయిదు నిండకముందే ఈ మూడును ముగిసిపోవుచున్నవి. సంతానము తగ్గినది గాని ఎడము పెరుగలేదు. రెండవ బిడ్డ పుట్టిన తల్లికి చెప్పుటకు వ్యవస్థవద్ద సిద్ధమైన మాట ఉన్నది. మొదటి బిడ్డ పుట్టిన తల్లికి చెప్పుటకు మాట లేదు. "ఇంకొకరు పుట్టిన తరువాత రామ్మా" అని పంపివేయుటయే జరుగుచున్నది.

ఆ తల్లికి నేడు లభించు సాధనములు తక్కువేమియు కావు.

వీనిలో ముఖ్యమైనది కాపర్ టి. ప్లాస్టిక్‌తో చేసిన ఈ చిన్న వస్తువు ఇంగ్లీషు "టి" అక్షరమును పోలియుండును. ఈ ఆకారమును టాటమ్ అను అమెరికా వైద్యుడును, దానికి రాగిని చుట్టవలెనను ఆలోచనను చిలీ దేశపు జిప్పర్ అను వైద్యుడును 1960ల దశకములో అందించిరి. రాగి నుండి వెలువడు అయానులు శుక్రకణముల కదలికను చెరచి, అవి అండమును చేరకుండ చేయును. ఇందులో హార్మోనులు లేవు; కావున పాలకు గాని బిడ్డకు గాని ఏ బాధయు లేదు. ప్రభుత్వ కేంద్రములలో లభించు 380ఎ రకము పదేండ్లు, 375 రకము అయిదేండ్లు పనిచేయును. ఎప్పుడు తీసివేసినను వెనువెంటనే గర్భధారణ సాధ్యము. మాయ బయటపడిన పది నిమిషములలోను, సిజేరియన్ జరుగుచున్నప్పుడును, తప్పినచో 48 గంటలలోపునను అమర్చవచ్చును. ఆ గడువు దాటిన ఆరు వారములు ఆగవలెను. కాన్పువేళ అమర్చినది కొందరిలో జారి బయటకు వచ్చుట కలదు. అందువలన ఆరవ వారమున తప్పక పరీక్షింపించుకొనవలెను. జ్వరము, అధిక రక్తస్రావము, ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటుట మున్నగు పరిస్థితులలో వైద్యులు దీనిని అప్పటికప్పుడు అమర్చరు.

కాపర్ టి పైకి ప్రాకి గుండెకు తగులునను భయము ఇప్పటికిని కొన్ని ఇండ్లలో వినవచ్చుచున్నది. గర్భాశయము మూసిన కోశము. దానికిని గుండెకును ఏ దారియు లేదు. అయితే మొదటి నెలలలో నెలసరి రక్తస్రావము, నొప్పి కొంత హెచ్చుట నిజము. ఆ సంగతి ముందుగా చెప్పనిచో, తల్లి భయపడి తీయించివేయును. ఆపై ఇరుగుపొరుగు నలుగురికి అదే చెప్పును. ఆమె సమ్మతి లేకుండ, లేక ఆమెకు తెలియకుండ అమర్చుట అన్నిటికంటె పెద్ద తప్పు.

రెండవది "ఛాయ" మాత్ర. ఇందలి సెంట్‌క్రోమన్ అను పదార్థము లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో రూపొందినది. 1990ల ప్రారంభములో "సహేలి" అను పేర బజారులోనికి వచ్చి, 2017లో "ఛాయ"గా జాతీయ కార్యక్రమమున చేరినది. ఇది స్టీరాయిడు హార్మోను కాదు. గర్భాశయపు లోపలి పొరలో మార్పు తెచ్చి గర్భము నిలువకుండ చేయును. మొదటి మూడు నెలలు వారమునకు రెండు దినములు, తరువాత వారమునకు ఒక దినము వేసికొనవలెను. పాలిచ్చు తల్లులు వాడవచ్చును. నెలసరి ఆలస్యముగ వచ్చుట దీని గుణము. కామెర్లు, కాలేయవ్యాధి గలవారికి తగదు. భారతదేశపు ప్రయోగశాలలో పుట్టిన ఈ మందును గూర్చి మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులలో ఎందరికి తెలియునో!

"అంతర" ఇంజెక్షను మూడు నెలల కొకసారి. పాలిచ్చు తల్లికి ఆరు వారముల తరువాతనే. ఆపిన పిమ్మట గర్భము నిలుచుటకు కొన్ని నెలలు పట్టునని ముందే తెలిసియుండవలెను. ఈస్ట్రోజెన్ గల మాలా వంటి మాత్రలు పాలను తగ్గించును గనుక పాలిచ్చువారికి ఆరు నెలలవరకు తగవు. మందుల దుకాణములో చీటీ లేకుండ కొనుటవలన వచ్చు చిక్కులలో ఇది యొకటి. భర్త వాడవలసిన నిరోధ్ 1968 నుండి ఉన్నది. దానివలన బాలింతకు ఏ బాధయు లేదు, భర్తకును లేదు.

సాధనము లున్నను, వానిని తల్లికి చేర్చుటలో చిక్కు ఉన్నది. నొప్పులు పడుచున్న స్త్రీవద్ద కాగితము పెట్టి సంతకము అడుగుట సలహా చెప్పుట కాదు. ఈ మాట గర్భిణి పరీక్షలకు వచ్చు నెలలలోనే, వీలైనచో భర్త సమక్షమున జరుగవలెను. కూకట్‌పల్లి గర్భిణికి ఆ పరీక్షలు కూకట్‌పల్లిలోనే జరుగును. కాన్పు మాత్రము తెనాలిలోనో కడపలోనో జరుగును. ఇక్కడ చెప్పిన మాట అక్కడి కాన్పుగదిలోని వైద్యునికి తెలియదు. కాన్పైన తరువాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి బాలింతను, బిడ్డను చూడవలెనన్నది జాతీయ నియమము. ఆ ఆరు దర్శనములు పుట్టిన ఊరిలో ముగియును. తల్లి మూడవ నెలలో నగరమునకు వచ్చునప్పటికి ఊరి పుస్తకములో ఆమె పేరు ముగిసినది, నగరపు పుస్తకములో మొదలుకాలేదు. సరిగా పాలవలని రక్షణ సడలు కాలమున ఆమె ఏ లెక్కలోను లేదు. కట్టడపు పనులకు వచ్చి గుడిసెలలో నుండు కుటుంబముల స్థితియు ఇదియే. పెద్ద జీతముగల ఇంజనీరు భార్య స్థితియు ఈ ఒక్క విషయములో వేరు కాదు.

ఇంటిలోని వారి పాత్ర తక్కువది కాదు. తల్లి, అత్త తమ అనుభవమునుబట్టి సలహా యిత్తురు. వారి కాలమున "ఇద్దరిని త్వరగా కని ఆపరేషన్ చేయించుకొంటే పని తీరిపోవును" అన్నది వివేకముగనే తోచియుండును. ఆసుపత్రి దూరము, సాధనములు తక్కువ. ఇరువదేండ్ల కోడలు వారి మాటను కాదనలేదు. భర్తతో చెప్పుటకును సిగ్గు. ఆమెతో విడిగా పది నిమిషములు మాటలాడగల ఆరోగ్య కార్యకర్త ఒకరున్నచో చాలవరకు చిక్కు తీరును. ఆ మాట మొదట "ఏ పద్ధతి కావలెను?" అని కాక, "చదువు మరల మొదలుపెట్టెదవా? ఉద్యోగమునకు పోయెదవా? రెండవ బిడ్డ ఎప్పుడనుకొనుచున్నావు?" అని సాగిన మేలు. ఆ సమాధానములనుబట్టి పద్ధతి దానంతట అదే తేలును.

ఒక అవకాశము మాత్రము ఇప్పటికే చేతిలో నున్నది. బిడ్డకు ఆరు, పది, పదునాలుగు వారములకు టీకాలు వేయవలెను. మరల తొమ్మిది నెలలు నిండిన పిమ్మట తట్టు, రుబెల్లా టీకా. నగరములోనికి వచ్చిన తల్లి ఏ ఇతర పనికి ఆరోగ్య కేంద్రమునకు పోకున్నను, బిడ్డ టీకా కార్డు పట్టుకొని పోవును. ఆ దినమున సూది వేయు నర్సు తల్లివైపు తిరిగి మూడు ప్రశ్నలు వేయవచ్చును: నెలసరి వచ్చినదా, బిడ్డకు తల్లిపాలు గాక మరేమైన పట్టుచున్నారా, ఆరు నెలలు నిండినవా. ఒక్కదానికి "అవును" అని వచ్చినను, ఆ తల్లిని ప్రక్క గదిలోని సలహాదారువద్దకు పంపవలెను. దీనికి కొత్త భవనము గాని కొత్త యంత్రము గాని అక్కరలేదు. ఆరవ వారపు టీకా నాడే కాపర్ టి ఉన్నచో దానిని పరీక్షించుటకును, లేనిచో అమర్చుటకును, "అంతర" ఆరంభించుటకును సమయము కుదురును. పదునాలుగవ వారమున తల్లి సెలవు ముగియ వచ్చుచుండును. తొమ్మిదవ నెల టీకాకు వచ్చునప్పటికి అన్నప్రాశన జరిగి మూడు నెలలై యుండును.